ప్రయాణపు పెట్టె – ప్లాస్టిక్ గుళిక

అంబర్‌పేట నుండి ఉప్పల్ వైపు సాగే రహదారిలో రామంతాపూర్ ఒక మజిలీ. మెట్రో రైలు 2017 నవంబరులో ఉప్పల్‌కు చేరింది గాని మమ్మల్ని పలకరించకుండా స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడల మీదుగా తార్నాక వైపు వెళ్లిపోయింది. అందుకని ఈ రోడ్డు ఇప్పటికీ సిటీ బస్సులదీ, ఆటోలదీ. మా ఇంటికి గుర్తు చెప్పవలసి వస్తే నేను దూరదర్శన్ కేంద్రం పేరు చెబుతాను. మా అబ్బాయి మాత్రం హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ పేరు చెబుతాడు. హోమియోపతి వైద్య కళాశాల, పాలిటెక్నిక్, తుపాకీ గుళ్ల జాతకాలు విప్పే కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, వీటన్నింటినీ తన ఒడిలో పెట్టుకున్న ఈ పేట, బజారు విషయంలో మాత్రం ఎన్నడూ గొప్పలు పోలేదు.

ఉమ్రా ప్రయాణం నిశ్చయమైనప్పుడు బంధువులంతా ఒకే మాట అన్నారు. ఇహ్రామ్ వస్త్రాలకు మదీనా బిల్డింగ్, పత్తర్‌గట్టి, పెట్టెలకు బేగంబజార్. నిజమే, అక్కడ ధర తక్కువ, ఎంపిక ఎక్కువ. కాని ఆ రద్దీలో ఒక పూట పోగొట్టుకోవడం కన్నా నడిచి వెళ్లగల దూరంలో దొరికిన వాటితో సరిపెట్టుకోవడమే మేలని నాకు తోచింది. పెట్టె చక్రం ఊడితే పట్టుకెళ్లి నిలదీయడానికి దుకాణం కూడా దగ్గరగా ఉండాలి కదా! ఒక ఆదివారం అసర్ నమాజు తరువాత పదకొండేళ్ల ఫైజాన్‌ను వెంటబెట్టుకుని బయలుదేరాను. ప్రయాణంలో మేము నలుగురం: నేను, నా శ్రీమతి, ఫైజాన్, నాచారంలో ఉండే మా భాయిజాన్.

పెట్టెల దుకాణంలో ఒక విద్య నేర్చుకున్నాను. అటకమీద మెరుస్తున్న గట్టి పెట్టెను నేను వేలితో చూపగానే, దుకాణదారుడు దానిని దించి, తాళం వేసి, జేబులోని బాల్‌పెన్ మొనను జిప్పు పళ్ల మధ్య గుచ్చాడు. జిప్పు నోరు తెరిచింది. తాళం వేసినది వేసినట్లే ఉంది. రన్నర్లను అటూ ఇటూ లాగగానే మళ్లీ మూసుకుపోయింది. “ఇది చూశాక కూడా విలువైన వస్తువు పెట్టెలో పెట్టి విమానానికి అప్పగిస్తారా, భాయ్ సాబ్?” అన్నాడు. తన సరుకు లోపాన్ని తానే చూపించిన వర్తకుణ్ణి చాలా కాలానికి చూశాను. పెట్టె అక్కడే కొన్నాను. పాస్‌పోర్టులు, డబ్బు, మందులు మాత్రం మెడలో వేలాడే సంచీలోనే ఉండాలని అక్కడే తీర్మానించుకున్నాను.

చేతి సామానుకు మన విమానాల్లో సాధారణంగా 7 కిలోలే పరిమితి. ఖాళీ పెట్టే మూడు కిలోలు తూగితే మనకు మిగిలేది ఎంత? కాబట్టి చేతి సామానుకు బట్ట సంచీయే ఉత్తమం. ఇహ్రామ్ వస్త్రాలు ఆ సంచీలోనే ఉండాలి గాని పెద్ద పెట్టెలో కాదు. నేరుగా జిద్దా వెళ్లే విమానం నేల మీద దిగకముందే మీఖాత్ దాటిపోతుంది. పెట్టె విమానం కడుపులో, వస్త్రాలు పెట్టెలో, మనిషి కుర్చీలో ఉంటే ఆ సంకటం ఎవరు తీర్చగలరు? ఇంటి వద్దనో విమానాశ్రయంలోనో ధరించడం ఇంకా క్షేమం.

మిగిలినవి చిన్న వస్తువులే. కాని మనిషిని అలసటకు గురిచేసేవీ, ఆదుకునేవీ అవే. తవాఫ్ వేళ చెప్పులు దాచుకోవడానికి తాడు లాగి మూసే వీపుసంచీ. ఇహ్రామ్ నడుముకు జేబులున్న పట్టీ. పాదం పైభాగాన్ని, చీలమండను కప్పని మెత్తని చెప్పులు: ఏడు ప్రదక్షిణలు కాక, సఫా మర్వాల మధ్య సయీ ఒక్కటే సుమారు 3 కిలోమీటర్ల నడక కాబట్టి చెప్పులను నెల ముందే కొని పాదానికి అలవాటు చేసుకోవడం మంచిది. పరిమళం లేని సబ్బు: దీని కోసం మూడు దుకాణాలు తిరిగాను. ప్రతి సబ్బూ గులాబీయో గంధమో అని గొప్పలు చెప్పుకునేదే! చివరకు మందుల దుకాణంలో, చర్మవ్యాధుల వారికిచ్చే తెల్లని సబ్బు దొరికింది. సౌదీలో విద్యుత్తు ప్లగ్గులకు మూడు చదరపు పుల్లలుంటాయి. మన గుండ్రని పుల్లలు వాటిలో దూరవు. దానికొక అడాప్టర్. ఫోనుకు పవర్‌బ్యాంకు చేతి సంచీలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో నిషిద్ధం. 100 వాట్-అవర్ల వరకు అనుమతి ఉంటుంది. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నది సుమారు 74 వాట్-అవర్లే గనుక దానితో భయం లేదు.

ఈ అడాప్టర్ దొరికిన చోటే కథ మలుపు తిరిగింది. అది బొమ్మలు, ఫోను కవర్లు, బ్యాటరీలు కలగలిపి అమ్మే ఇరుకు దుకాణం. నేను ప్లగ్గు పుల్లలు లెక్కపెడుతుండగా ఫైజాన్ కనిపించలేదు. వెనుదిరిగి చూద్దును గదా, గోడకు వేలాడుతున్న నల్లని తుపాకుల ముందు నిలబడి ఉన్నాడు. అవి మా చిన్నప్పటి రీలు పటాసుల పిస్తోళ్లు కావు. పోలీసు నడుమున ఉండేదానికీ వీటికీ పది అడుగుల దూరం నుండి నేను తేడా చెప్పలేను. లోపల స్ప్రింగు, పిడిలో గుళికల అర, పక్కన పొట్లంలో పసుపుపచ్చని ప్లాస్టిక్ గుళికలు. వీటిని ఎయిర్‌సాఫ్ట్ అంటారు. తుపాకులపై కఠిన చట్టాలున్న జపానులో 1970ల్లో పుట్టిన ఆట ఇది. 6 మిల్లీమీటర్ల గుళిక, అంటే శనగ గింజ కన్నా కొంచెం చిన్నది. ఆ దేశాల్లో ముఖానికి, కళ్లకు రక్షణ కవచాలు ధరించి, మైదానాల్లో, పర్యవేక్షకుల సమక్షంలో ఆడతారు. మన బజారుకు తుపాకీ వచ్చింది, కవచం రాలేదు.

“అబ్బా, నా ఈదీ డబ్బు నా దగ్గరే ఉంది” అన్నాడు ఫైజాన్. రెండు పండుగలుగా దాచుకున్న సొమ్ము అది. “మక్కాకు తీసుకుపోను. ఇంట్లోనే పెట్టి వస్తాను.” వాడికి ముందే తెలుసు, విమానం క్యాబిన్‌లోకి నకిలీ తుపాకీని కూడా రానివ్వరని. అన్నీ ఆలోచించుకునే నిలబడ్డాడు.

అట్టపెట్టె తిప్పి చూశాను. 14 ఏళ్లు పైబడిన వారికి అని సన్నని అక్షరాలు. 2021 జనవరి 1 నుండి మన దేశంలో పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు ఎక్కడా లేదు. అడిగితే, “ఇది చిన్నపిల్లల బొమ్మ కాదు కదా సార్” అన్నాడు అమ్మే కుర్రాడు, పదకొండేళ్ల పిల్లవాడి చేతిలో దానిని పెడుతూనే.

వద్దు అనడం సులభం. ఎందుకు వద్దో చెప్పడమే కష్టం. దుకాణం బయట టీ కొట్టు బల్లపై కూర్చున్నాం. మొదట లెక్క చెప్పాను, వాడికి లెక్కలంటే ఇష్టం. 0.20 గ్రాముల గుళిక సెకనుకు 100 మీటర్ల వేగంతో దూసుకువస్తే దాని శక్తి 1 జౌల్. జపాను చట్టం పెద్దల తుపాకీకి సైతం 0.98 జౌళ్ల దగ్గర గీత గీసింది. ఈ బొమ్మలో అంత బలం ఉండకపోవచ్చు. కాని కన్ను అంత బలాన్ని అడగదు. క్రికెట్ బంతి వచ్చి తగిలితే కనుగూటి చుట్టూ ఉన్న ఎముక చాలావరకు దెబ్బను తానే కాస్తుంది. 6 మిల్లీమీటర్ల గుళికకు ఆ ఎముక అడ్డమే రాదు, తిన్నగా గుడ్డును తాకుతుంది. కంటి ముందు గదిలో రక్తం చేరుతుంది. అది తగ్గినా ఏళ్ల తరువాత నీటికాసుల జబ్బుగా తిరిగి రావచ్చు.

“నేను మనుషుల మీద గురిపెట్టను” అన్నాడు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ముగఫ్ఫల్ (రజి) సంగతి అప్పుడు జ్ఞప్తికి వచ్చింది. ఒక వ్యక్తి వేళ్ల మధ్య చిన్న రాయి పెట్టి విసురుతుండగా ఆయన వారించారు. ఆ పనిని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నిషేధించారనీ, దానితో వేట చిక్కదు, శత్రువూ దెబ్బతినడు గాని పన్ను విరుగుతుంది, కన్ను పోతుందనీ తెలిపారు. ఆ మనిషి మళ్లీ విసరగా, ఇక నీతో మాట్లాడనన్నారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న హదీసు ఇది. హజ్‌లో జమరాత్‌పై రువ్వే రాళ్లు కూడా ఆ చిటికెన రాళ్లంతే ఉండాలన్న బోధ మరోచోట ఉంది. ఒక చోట ఆరాధన, మరో చోట నిషేధం! విలువిద్యను ప్రోత్సహించిన ప్రవక్తే చిన్న రాయిని ఆపారన్నది నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసే విషయం.

ఫైజాన్ విన్నాడు, తల ఊపాడు. కాని వాడి చూపు దుకాణం గోడ మీదే ఉంది. హదీసు చెప్పి నేను తప్పించుకుంటున్నానని నాకు మాత్రం తెలుసు.

“మీ బడే అబ్బాకు ఎడమ కన్ను ఎందుకు సరిగా కనబడదో తెలుసా?” అని అడిగాను.

“చిన్నప్పుడు ముల్లు గుచ్చుకుందట. దాదీ చెప్పింది.”

ముల్లు కాదు. మా వైపు గులేరు అంటాం, గ్రంథాల్లో ఉండేలు అంటారు. నాకు పదేళ్లు, భాయిజాన్‌కు పదమూడు. చింతచెట్టు మీది చిలుక కోసం బంకమట్టి ఉండలు ఎండబెట్టి జేబు నిండా నింపుకున్నాను. నేను కూడా మనుషుల మీద గురిపెట్టలేదు. చిలుక ఎగిరిపోయింది. కొమ్మ వెనుక నుండి అన్నయ్య దిగుతున్నాడు. ఇంటికి నడిచి వెళ్లే దారిలో, కంటి మీద చొక్కా కొంగు అదుముకుని, “ముళ్లకంప గుచ్చుకుందని చెబుదాం” అన్నాడు భాయిజాన్. అబ్బా చనిపోయే దాకా ఆ మాటే నిలిచింది. అమ్మీ నేటికీ దానినే నమ్ముతోంది. ఆ కంటి చూపు కారణంగా అన్నయ్య కోరుకున్న ఉద్యోగం రాలేదు. నాచారం పారిశ్రామికవాడలో ఇరవై ఆరేళ్లు గోదాము లెక్కలు రాశాడు. నా చదువు ఫీజు కట్టింది ఆ జీతమే.

టీ చల్లారింది. ఫైజాన్ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత రెండు ప్రశ్నలు అడిగాడు. మొదటిది, “అది మీరేనని బడే అబ్బాకు తెలుసా?” తెలుసన్నాను. రెండవది, “మరి మీరు మాఫీ అడిగారా?”

హజ్‌కో ఉమ్రాకో బయలుదేరే ముందు బంధుమిత్రుల ఇళ్లకు వెళ్లి కహా-సునా మాఫ్ చేయమని అడగడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఆ వారంలో నేను అప్పటికే పదకొండు ఇళ్లు తిరిగి వచ్చాను. అద్దె దగ్గర మాటామాటా అనుకున్న పాత ఇంటి యజమానిని సైతం వదలలేదు. నాచారం వెళ్లలేదు. అన్నయ్య మాతోపాటే వస్తున్నాడు కదా, వేరుగా అడగడమెందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వాడి తుపాకీ మోజు ఆ పూటే తీరిపోయిందని చెప్పను. గురి మీద ఇష్టం తప్పు కూడా కాదు. మన హైదరాబాదు కుర్రవాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడని, అక్కడ శిక్షకుడు సైగ చేసేదాకా తుపాకీ ఎత్తరాదని, గుళిక కాగితపు గురినే తాకుతుందని చెప్పాను. తిరిగి వచ్చాక ఏదైనా శిక్షణాలయానికి తీసుకువెళ్తానని మాట ఇచ్చాను. “కాగితమేనా?” అని కొంచెం నిరుత్సాహంగా అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మళ్లీ దుకాణంలోకి వెళ్లి వాడు తన ఈదీ డబ్బుతో ఒక కళ్లజోడు తాడు కొన్నాడు. తవాఫ్ రద్దీలో బడే అబ్బా అద్దాలు జారిపడకుండా మెడకు వేలాడుతుందట. అడాప్టర్ల జాబితా రాసుకున్న నాకు ఆ వస్తువే తట్టలేదు.

మగ్రిబ్ దారిలోని మస్జిదులో చదివి, సామానంతా ఆటోలో వేసుకుని నేరుగా నాచారం వెళ్లాం. భాయిజాన్ వరండాలో కూర్చుని వార్తాపత్రికను కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని చదువుతున్నాడు. ఫైజాన్ వెళ్లి తాడును ఆయన అద్దాలకు తొడిగి లోపలికి పరుగెత్తాడు. నేను ఎదుటి కుర్చీలో కూర్చుని, దారి పొడుగునా కూర్చుకున్న మాటల్లో సగం కూడా నోట రాక, “ఆ గులేరు...” అని మాత్రం అన్నాను.

ఆయన నావైపు చూశాడు. పత్రిక మడిచి పక్కన పెట్టాడు. “నలభై ఏళ్లు పట్టింది నీకు” అన్నాడు. నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు అలాగే ఉంచుకున్నాడు. తరువాత లేచి వెళ్లి కొత్త పెట్టెను దీపం కిందకు జరిపి, జిప్పును అటూ ఇటూ లాగి చూశాడు.

“ఎంతకిచ్చాడు?” అన్నాడు. చెప్పాను.

“బేగంబజార్‌లో మూడు వందలు తక్కువకు వచ్చేది కదరా” అన్నాడు.