ఆర్క్ వెలుగులో పాఠం

ఐటీఐలకు మూలమైన క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ 1950లో మొదలైంది. సార్ చేసి చూపిస్తారు, పిల్లలు చేస్తారు, సార్ దిద్దుతారు. ఇన్నేళ్లూ పాఠం ఇలాగే సాగింది. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనిని 2024లో ప్రభుత్వం చేపట్టింది. యంత్రాలు మారుతున్నాయి సరే, పాఠం చెప్పే తీరు సంగతేంటి? అది చూద్దామనే ఒక ప్రభుత్వ ఐటీఐలో వెల్డింగ్ షాపుకి వెళ్లాను.

షాపు పక్క గదిలో సిమ్యులేటర్ ఉంది. ఒకమ్మాయి హెల్మెట్ పెట్టుకుని ఉత్తుత్తి హోల్డర్‌తో గీత లాగుతోంది. రాడ్డు వంపు, చేతి వేగం, ఆర్క్ దూరం తెర మీద కనిపిస్తున్నాయి. మంచి మార్కులే వచ్చాయి. ఆ ఊపులో షాపులోకి వచ్చి అసలు ప్లేటు మీద రాడ్డు ఆనించగానే అది కాస్తా అతుక్కుపోయింది. మణికట్టు విదిలించి ఊడదీసింది. సార్ పక్కకు వచ్చి నిలబడ్డారు. 3.15 మిల్లీమీటర్ల రాడ్డు, కరెంటు 110 ఆంపియర్లు. "చేతిని చూసుడే కాదు బిడ్డా, చెవి పెట్టి విను. దూరం పెరిగితే సప్పుడు మారుతది" అన్నారు. మళ్లీ ముట్టించింది. ఈసారి చిటపట నిలకడగా వచ్చింది. చల్లారాక పైన గట్టిపడ్డ పెచ్చును, అంటే స్లాగ్‌ను, సుత్తితో కొట్టి చూస్తే అతుకు గీత (బీడ్) మొదట్లో లావుగా, చివరికొచ్చేసరికి సాఫీగా ఉంది. ఎక్కడ చెయ్యి కుదిరిందో ఆ అమ్మాయే వేలితో తడిమి చూపించింది.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం సిమ్యులేటర్ కాదు, సార్ పాత ఫోను. కెమెరా ముందు షీల్డ్ నల్లద్దం ముక్క బిగించి, తాను చేసే వెల్డింగ్‌ని వీడియో తీయించారు. బ్యాచ్‌లో ఇరవై మంది. ఎంత మూగినా, కరిగిన లోహం కదలిక ముందున్న ఇద్దరు ముగ్గురికి తప్ప కనపడదు. ఇప్పుడు ఆ వీడియోను నెమ్మదిగా నడిపిస్తే, మెరిసే కరుగు ముందుకు జరగడం, దాని వెనకే స్లాగ్ రావడం అందరూ చూస్తున్నారు. "సార్, అక్కడ ఆపండి" అని అడుగుతున్నారు. కంటికి ఆనని పనిని కళ్లముందు పెట్టి, ప్రశ్న పుట్టించింది ఆ వీడియో. బోధనలో సాంకేతికత అంటే నా దృష్టిలో ఇదీ.

సిమ్యులేటర్ వద్దని నేననను. తొలిరోజుల్లో రాడ్లు వృథా కావు, కళ్లకు ఆర్క్ దెబ్బ తగలదు, భయం పోతుంది. కానీ వేడి, పొగ, అతుక్కునే రాడ్డు ప్లేటు దగ్గరే ఎదురవుతాయి. అక్కడ పక్కన నిలబడి దిద్దే మనిషి కావాలి. పరీక్షల సంగతీ అంతే. థియరీ పరీక్ష కంప్యూటర్ మీదికి మారాక బిట్లు బట్టీ పట్టడం తేలికైంది. బీడ్ బాగోగులు చెప్పడం మాత్రం ఏ బిట్టుతోనూ రాదు.

హైదరాబాద్ విద్యానగర్‌లోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ (ఎన్ఎస్‌టీఐ) వంటి చోట్ల బోధకులకు ఏడాది కోర్సు ఉంది. కొత్త యంత్రంతో పాఠం ఎలా చెప్పాలో, ఫోనును బోధనకు ఎలా వాడాలో అందులోనే నేర్పాలి. ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లను మళ్లీ పిలిచి నేర్పాలి. సిమ్యులేటర్ కొనే ప్రతి ఐటీఐకీ ఆ ఏడాది సరిపడా రాడ్లు, ప్లేట్లు కూడా ఇవ్వాలి. ఖాళీగా ఉన్న బోధకుల పోస్టులను ముందు నింపాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.