నిచ్చెన ధర

బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని, వారిలో ఒకరు కథ నడుపుతుండగా మిగిలినవారు తలా ఒక పాత్ర ధరించి, ఫలితం తేలని చోటల్లా పాచిక వేసి తేల్చుకునే ఆటను టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. ఈ ఆటలన్నిటికీ మూలమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం నుంచి వెలువరించారు. అంతకుముందే ఆర్నెసన్ మిన్నెసోటాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల్లో, బ్లాక్‌మూర్ అనే కల్పిత సంస్థానం నేపథ్యంగా తన మిత్రులతో ఈ తరహా ఆట ఆడిస్తూ ఉండేవాడు. నెలల తరబడి మంచు మనుషుల్ని ఇల్లు కదలనివ్వని ఆ ప్రాంతంలో ఇలాంటి ఆట పుట్టడంలో వింతేమీ లేదు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఇప్పుడు బేస్‌మెంట్లలో ఇవే పాచికలు దొర్లిస్తుంటే, భోజనానికి పిలవడానికి కిందికి దిగిన తల్లిదండ్రులకు గంటసేపు సాగిన వాదం దెయ్యాల గురించో రాకాసుల గురించో కాక, ఒక ఊళ్లో గోధుమల ధర గురించి అని తెలిసి ఆశ్చర్యం కలుగుతుంది.

ఆ వాదానికి కారణం ఉంది. నవల చదివేవాడు రచయిత నడిపించిన దారినే నడుస్తాడు కాబట్టి రచయిత తెరవని తలుపు వెనక ఏముందో అతనికి అక్కర్లేదు; ఆటగాడు మాత్రం సరిగ్గా ఆ తలుపు దగ్గరికే వెళ్లి గడియ తీస్తాడు. కల్పిత లోకానికి లోపలి పొంతన ఉండాలని, అంటే ఆ లోకం తన సూత్రాలకు తానే కట్టుబడి ఉండాలని, ఇంగ్లీషు రచయిత టోల్కీన్ 1939లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో వివరించాడు గాని, ఆయన మాట్లాడింది పాఠకుడి నమ్మకం గురించి. బల్ల దగ్గర కూర్చున్నవాడికి కావలసింది నమ్మకం కంటే అంచనా: వంతెన కాలిస్తే సైన్యం ఆగుతుందా, పూజారికి లంచమిస్తే పని అవుతుందా అన్నది ముందుగా కొంతైనా ఊహించగలిగితేనే అతని నిర్ణయానికి విలువ ఉంటుంది, లేకపోతే మిగిలేది పాచిక ఒక్కటే.

ఈ రకం ప్రశ్నలు ప్రవాస కుటుంబాలకు కొత్తవి కావు. అమెరికాలో పుట్టిన పిల్లలకు తల్లిదండ్రులు చెప్పే సొంత ఊరు కూడా ఆ పిల్లల వైపు నుంచి చూస్తే మాటలతో కట్టిన లోకమే. పెరట్లో నుయ్యి ఉందని ఒకనాడు, మంచినీళ్లకు కావిడి వేసుకుని చెరువుకు వెళ్లేవారని మరొకనాడు చెబితే, నుయ్యి ఉండగా చెరువుకెందుకని పిల్లవాడు నిలదీస్తాడు. సముద్రానికి దగ్గరి ఊళ్లలో నూతినీళ్లు ఉప్పగా ఉంటాయని, అంట్లకూ స్నానాలకూ అవి, తాగడానికి చెరువు నీళ్లు అని జవాబు చెప్పేసరికి, అంతవరకు తప్పులా కనిపించిన చోటనే ఊరు ఇంకొంచెం లోతుగా కనిపించడం మొదలవుతుంది.

ఆటల్లో అన్ని ప్రశ్నలకూ ఇంత మంచి జవాబులు దొరకవు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 3.5 కూర్పు 2003లో వచ్చింది. అందులోని ధరల పట్టికలో పదడుగుల నిచ్చెన ఖరీదు ఐదు రాగి నాణేలు కాగా, పదడుగుల గడకర్ర ఖరీదు రెండు వెండి నాణేలు, అంటే ఇరవై రాగి నాణేలు. నిచ్చెన కొని మెట్లు ఊడగొడితే రెండు గడకర్రలు చేతికొస్తాయి. వాటిని సగం ధరకే అమ్మినా పెట్టుబడికి నాలుగింతలు తిరిగొస్తుంది. కిరాణా కొట్టు నడిపినవాడెవడైనా ఈ లోకంలో కత్తి పట్టడు, నిచ్చెనల వ్యాపారమే పెట్టుకుంటాడు.

నిచ్చెనది నవ్వి వదిలేయదగిన పొరపాటు గాని, మంత్రాల సంగతి అలా కాదు. అదే ఆట ఐదో కూర్పులో, కొంత అనుభవం గడించిన పూజారి ఒక్క మంత్రంతో పదిహేనుమందికి ఒక రోజుకు సరిపడా తిండీ నీళ్లూ సృష్టించగలడు. అలాంటి లోకంలో కరువు వచ్చిందని కథ నడిపేవాడు ప్రకటిస్తే, 1832-33 నాటి గుంటూరు కరువును నందన కరువని నేటికీ పేరు పెట్టి చెప్పుకునే జాతికి చెందినవాడు ఊరుకోలేడు: పూజారులు ఏమయ్యారు? అంతటి పూజారులు జిల్లాకు ఒక్కరే ఉన్నారనవచ్చు, గుడి తన భక్తులకే పెడుతోందనవచ్చు, ధాన్యం వర్తకులు పూజారిని కొనేశారనవచ్చు. ఏది చెప్పినా ఒక కథ పుడుతుంది, చెప్పినదానికి ఆపైన కట్టుబడి ఉండవలసి వస్తుంది.

కట్టుబడి ఉండాలన్న పట్టుదల హద్దు మీరితే ఏమవుతుందో ఫర్గాటెన్ రెల్మ్స్ చరిత్ర చూపుతుంది. కెనడాకు చెందిన ఎడ్ గ్రీన్‌వుడ్ ఊహించిన ఈ లోకం 1987లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కు నేపథ్యంగా అచ్చయింది. రెండేళ్ల తర్వాత ఆ ఆటకు వచ్చిన కొత్త కూర్పులో హంతకుడు అనే పాత్రవర్గాన్ని తీసేయగా, దేవతల కలహంలో ఆ లోకపు హంతకులందరూ మూకుమ్మడిగా చచ్చిపోయారని కథలో చెప్పవలసి వచ్చింది. 2008లో మంత్రాల నియమాలు పూర్తిగా మారినప్పుడు మంత్రాలకు అధిదేవతనే చంపి, లోకమంతటా ఉత్పాతం సృష్టించారు. నటుడు మారితే తెర మీద ఒక్క వాక్యం వేసి కథ కొనసాగించే తెలుగు సీరియళ్లు ఈ విషయంలో ఎక్కువ నిజాయితీగా వ్యవహరిస్తాయనే చెప్పాలి.

పొంతనకు మేలైన నమూనా కావాలంటే మళ్లీ మిన్నెసోటాకే రావాలి. అక్కడి విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా అధ్యయనాలు బోధించిన, ఉర్దూ, బలూచీ భాషలకు పాఠ్యగ్రంథాలు రాసిన ఎం.ఎ.ఆర్. బార్కర్ తాను చిన్ననాటి నుంచి ఊహిస్తూ వచ్చిన టెకుమెల్ లోకాన్ని 1975లో ఎంపైర్ ఆఫ్ ద పెటల్ థ్రోన్ అనే ఆటగా వెలువరించాడు. (ఆయన మారుపేరుతో నాజీ అనుకూల నవల రాశాడన్నది మరణానంతరం వెల్లడై, 2022లో ఆయన రచనల బాధ్యత చూసే సంస్థే దాన్ని ధ్రువీకరించింది, ఆ లోకాన్ని మెచ్చుకునేవారు ఈ సంగతినీ మోయక తప్పదు.) టెకుమెల్‌లో లోహాలు అరుదు కనుక, చ్లెన్ అనే జంతువు తోలును శుద్ధిచేసి గట్టిపరిచి కవచాలూ కత్తులూ తయారుచేస్తారు. గుర్రాలు లేవు కనుక దూరప్రయాణాలు చాలావరకు కాలినడకనే సాగుతాయి, సరుకులు ఎక్కువగా కూలీల వీపుల మీద సాగుతాయి. అందుకే నగరాల మధ్య కోటగోడల్లాంటి ఎత్తయిన రహదారులు వెలిశాయి, అవి మూడు అంతస్తులుగా ఉండి ఎవరి హోదాకు తగిన అంతస్తులో వారిని నడిపిస్తాయి. రెండు లేముల నుంచి ఇన్ని వరసగా పుట్టుకొచ్చాయి.

బార్కర్ ఆ లోకానికి కల్పించిన త్సోల్యాని భాషలో, వినేవాడి అంతస్తును బట్టి మారే మధ్యమపురుష సర్వనామాలు అనేకం ఉన్నాయి. ఇంగ్లీషు ఆటగాళ్లకు అది వింత. తెలుగువాడికి మాత్రం నువ్వు, మీరు, తమరు అన్న రోజువారీ లెక్క. చక్రవర్తినీ సాహిణినీ ఒకే 'యూ'తో పలకరించి గట్టెక్కే ఆట, పిల్లలు సగం తెలుగులో సగం ఇంగ్లీషులో ఆడుకునే ఇంట్లో గడప దగ్గరే ఆగిపోతుంది: కోట ద్వారపాలకుణ్ణి 'ఏమోయ్' అనాలా, 'ఏమండీ' అనాలా, రెండువందల ఏళ్ల వయసున్నా కుర్రవాడిలా కనిపించే ఎల్ఫ్‌ను ఏమని పిలవాలి అన్నది పాచిక వేసి తేల్చే విషయం కాదు. ఒకసారి నోరు జారి 'నువ్వు' అన్నాక, మరుసటి వారం అదే ద్వారపాలకుడు ఎదురైతే మాట మార్చే వీలుండదు; బల్లకు అటు చివర కూర్చున్న పదేళ్ల తమ్ముడు పోయినసారి ఎవరిని ఏమన్నారో నోటు పుస్తకంలో రాసిపెట్టుకుని ఉంటాడు.