కోనసీమ యాత్ర

గత వేసవి సెలవులలో కోనసీమను దర్శించు భాగ్యము మాకు లభించినది. కరీంనగరమునుండి వరంగల్లు చేరి, రైలులో రాజమహేంద్రవరమునకును, అచ్చటినుండి బస్సులో రావులపాలెము మీదుగా అమలాపురమునకును పోయితిమి.

ధవళేశ్వరముకడ గోదావరి గౌతమి, వసిష్ఠ యను పాయలుగా చీలును. ఆ రెంటికిని బంగాళాఖాతమునకును నడుమనున్న దీవియే కోనసీమ. మన బాసర, ధర్మపురి, మంథని రేవులను దాటిపోయిన నీరే యీ నేలను చుట్టియున్నది. పూర్వము కరవునకును వరదకును వశమైయుండిన యీ సీమ, సర్ ఆర్థరు కాటను 1847లో ఆరంభించి 1852లో ముగించిన ఆనకట్టవలన సస్యశ్యామలమైనది.

లంకల గన్నవరమువద్ద వైనతేయ పాయమీదుగా కాలువనీటిని రాజోలు వైపునకు గొనిపోవు అక్విడక్టును చూచితిమి. నది క్రింద పారుచుండగా కాలువ దానిపై సాగిపోవుట వింతగా నుండెను. 49 కమానుల పాత కట్టడమునకు బదులుగా నిర్మించిన క్రొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరిడిరి. ఈమె (1841–1909) ఆ గ్రామముననే యుండి, ఏ వేళ నెవరు వచ్చినను కాదనక అన్నము పెట్టిన తల్లి. పొలములకు నీరందించు కట్టడమునకు ఆ పేరు మిక్కిలి తగియున్నది.

ఇచ్చటి ప్రధాన ఫలము కొబ్బరి. చెట్టునుండి కాయలు దించుటను 'దింపు' అందురు. దింపువారు కాయలు దించగా, ఒలుపువారు గునపముపై పీచు నొలిచెదరు. కాయలు అంబాజీపేట బజారునకు పోవును, పీచు త్రాళ్లగును. ఆత్రేయపురములో స్త్రీలు బోర్లించిన కుండను మంటపై కాచి, పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను దానిపై నొక్కమారు లాగి, కాగితముకన్న పలుచని రేకును తీయుదురు. నేయి, పంచదార చేర్చి మడిచినచో పూతరేకు సిద్ధము. దీనికి 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది.

మాకు బస యిచ్చిన వృద్ధ రైతు తోటలో, 1996 నవంబరు 6వ తేది తుపానునకు ఒక్క రాత్రిలో చెట్లన్నియు నేలకొరిగినవట. "దేశవాళి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లండి. అప్పుడే నాకు యాభై దాటిందండి. అయినా నాటానండి," అనెను. ఆ చెట్ల నీడలోనే మేము కూర్చుండియుంటిమి.

మేము కరీంనగరమువారమని విని ఆయన నవ్వి, "మాస్టారండి, మీ వైపు వానలు లేకపోతే మా కాలవలెండిపోతాయండి. ఎక్కువైతే మా లంకల్లో నిద్దరుండదండి," అనెను. 1986 ఆగస్టు వరదను ఆయన కన్నులార చూచినవాడు.

విద్యార్థులారా! భూగోళ పటములో గోదావరి యొక నీలిగీత మాత్రమే. ధర్మపురి రేవున మీరు కాళ్లు కడుగుకొను నీరు ఒకని తోటకు ప్రాణము, మరియొకని యింటికి భయము. ఏటికి ఎగువనున్నవారు దిగువవారిని తలచుట నేర్వవలెను. తన కాలమున ఫలము చేతికందునో లేదో యెరుగకయే మొక్క నాటిన ఆ రైతును మేము మరువజాలము.