గెలిచాక మళ్లీ రాయడం

పేరున్న నాటక రచయిత కనిపిస్తే కొత్తగా రాసేవాళ్లు అడిగేది ఒకటే: గెలుపు ఎలా వస్తుందని. ‘రాస్తూనే ఉండు’ అని జవాబొస్తుంది. అది సగం మాటే అనిపిస్తుంది నాకు. మెప్పు పొందినదాన్ని మళ్లీ విప్పి చూసుకోవడం మిగతా సగం. గురజాడనే చూడండి. ఆయన నాటకం కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడింది, జనం మెచ్చారు, 1897లో అచ్చయింది. అక్కడితో ఆగినా ఆయన పేరు నిలిచేదే. కానీ 1909 నాటికి దాదాపు కొత్త నాటకం అనిపించేంతగా తిరగరాసి మళ్లీ అచ్చేయించారు. మధురవాణి మనకు తెలిసిన మధురవాణి అయింది ఆ రెండో కూర్పులోనే!

విజయనగరం మహారాజు ఆనంద గజపతి అండ ఉంది కాబట్టి సాగిందంటారు కొందరు. మొదటి కూర్పుకు ఆ మాట సరే. మహారాజు 1897లోనే పోయారు, తిరగరాత ఆయన మెప్పు కోసం కాదు. చెక్కేకొద్దీ జీవం పోతుందన్న భయమూ ఉంది. గిరీశం మాటలు ఇవాళ్టికీ జనం నోట నానుతున్నాయంటే ఆ భయం ఇక్కడ నిజం కాలేదు. ఒక్క అభ్యంతరాన్ని మాత్రం ఒప్పుకోవాలి: కొండుభట్టీయం, బిల్హణీయం నాటకాలు పూర్తికాకుండానే 1915లో ఆయన వెళ్లిపోయారు. ఒకదాని మీద అంత కాలం పెడితే మరొకటి మిగిలిపోవచ్చు. అయినా నేను రెండో కన్యాశుల్కం వైపే.

రెండు కూర్పులూ చదివినవాళ్లు ఏమంటారు?