అడుగువైపు

పాత ఫర్నిచర్ నిజంగా పాతదో, పాతదని నమ్మించడానికి చేసిందో తేల్చేవాళ్ళు ముందువైపు చూసి ఊరుకోరు. సొరుగు లాగి తిరగేస్తారు. కుర్చీని తలకిందులు చేస్తారు. మరకలూ గీతలూ ఎవరైనా తెచ్చిపెట్టొచ్చు. ఎవరూ చూడరనుకున్న చోట పనిముట్టు వదిలిన గుర్తుని దాచడం కష్టం. గుండ్రటి రంపం చెక్క మీద వంపు గీతలు వదుల్తుంది. ఆ రంపం 19వ శతాబ్దంలో గాని బాగా వాడుకలోకి రాలేదు. 17వ శతాబ్దపు బల్లకి అసలు చెక్క మీదే ఆ గీతలుంటే ఇక చెప్పేదేముంది! లేతు మీద గుండ్రంగా తిప్పిన కోడు కూడా వందల ఏళ్ళకి కాస్త కోలగా మారుతుంది. కలప అన్ని వైపులా ఒకేలా కుంచించుకుపోదు.

పాఠ పరిష్కరణ గురించి చదువుతూ నకిలీల చరిత్రలోకి దారి తప్పినప్పుడు తెలిసిన సంగతులివి. అక్కడే ఆర్మాండ్ లామాంటేన్ కుర్చీ ఎదురైంది. రోడ్ ఐలండ్‌కి చెందిన ఈ శిల్పి, నిపుణులూ మోసపోతారని చూపించడానికి, 17వ శతాబ్దపు బ్రూస్టర్ కుర్చీ లాంటిదాన్ని 1969లో తయారుచేశాడు. అది చేతులు మారి, మిషిగన్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియం చేరింది. ధర 9,000 డాలర్లు. 1977లో అసలు సంగతి బయటపడింది. బెజ్జాలు కావాలనే ఆధునిక డ్రిల్లుతో వేశానన్నాడతను. ఎక్స్‌రేలో అవి కనిపించాయి.

ఆ బెజ్జాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దొంగ కుర్చీ చేస్తూ కూడా, ఇది నా పనేనని రుజువు లోపల దాచుకున్నాడు!

నా వైవాలో ఒక పరీక్షకుడు నవ్వుతూ అడిగాడు: "మూడో అధ్యాయం మీ గైడుగారు రాసిచ్చారా అమ్మా? ఆడపిల్ల రాసినట్టు లేదు." గైడుగారు నవ్వారు. కాదనలేదు. నేనూ నవ్వాను. ఇన్నేళ్ళయినా గుచ్చుకునేది ఆ నా నవ్వే.

ఇంట్లో ఇనప్పెట్టెలో నాలుగు లాంగ్ నోట్‌బుక్కులున్నాయి. ఆ అధ్యాయాన్ని అయిదుసార్లు రాశాను. అట్టల మీద పోపు మరకలు (మరకల సంగతి వదిలేయండి, ముందే అనుకున్నాం కదా). లోపల నలభై పేజీల పొడుగునా ఒక తప్పు వాదన ఉంది. గట్టిగా నమ్మి రాసిందే. నలభై ఒకటో పేజీలో సిరా రంగు మారింది, అక్కణ్ణుంచి వెనక్కి వెళ్ళి మొత్తం కొట్టేసుకుంటూ వచ్చాను. గైడుగారు చూసింది ఫెయిర్ కాపీ మాత్రమే.

మొన్న ఇల్లు మారేటప్పుడు, పాత పేపర్లవాడికి వేసేద్దామంది అమ్మ. వెయ్యనివ్వలేదు.