వ్రేలు తాకనిదే పలకని గొంతు

సూరత్ నగరంలోని పర్వత్ పాటియా పేరు విని కొండ కోసం వెదకేవారు నిరాశ చెందుతారు. అక్కడ కొండ లేదు. ఉన్నది బట్టల వ్యాపారం. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి ఈ నగరానికి వలస వచ్చిన నేత కుటుంబాలలో మా బంధువులదొకటి. ఆ యింటి పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడుతారు గాని, చదువలేరు. వారి చదువు గుజరాతీలో సాగింది.

బాపమ్మ చెప్పే కథలను ఫోనులో రికార్డు చేసి, అక్షరాలతో పాటు ఒక వెబ్ పేజీలో వినిపించాలని ఆ యింటి కుర్రవాడు సంకల్పించాడు. అందుకు కావలసిన ఇంగ్లీషు పాఠాలను తెలుగులో విప్పిచెప్పే పని నాకు వచ్చింది.

ఒకప్పుడు పేజీలో ధ్వని వినిపించాలంటే ఫ్లాష్ వంటి అదనపు హంగులు కావలసివచ్చేవి. 2014లో ప్రమాణంగా స్థిరపడిన హెచ్‌టీఎంఎల్ 5లో ఆడియోకు సొంత స్థానం దక్కింది. జావాస్క్రిప్టులో 'ప్లే' అంటే పలుకుతుంది, 'పాజ్' అంటే నిలుస్తుంది. చిత్రమేమిటంటే, 'స్టాప్' అన్న ఆజ్ఞ లేనేలేదు! కథను ముగించాలంటే నిలిపివేసి, కాలాన్ని సున్నా సెకనుకు త్రిప్పాలి. అందుకే 'పాజ్'ను నేను 'ఆపు' అనలేదు, 'నిలుపు' అన్నాను.

పేజీ తెరవగానే బాపమ్మ పలకాలని పిల్లల ముచ్చట. బ్రౌజరు ఒప్పుకోలేదు. అడుగకుండానే అరచే ప్రకటనల బాధ పడలేక 2017లో సఫారీ, 2018లో క్రోమ్ తలుపులు బిగించాయి. చూచేవారు పేజీని తాకనిదే సాధారణంగా శబ్దం మొదలు కాదు. 'ప్లే' ఆజ్ఞకు బదులుగా బ్రౌజరు ఒక 'ప్రామిస్'ను, అంటే వాగ్దానాన్ని ఇస్తుంది. అనుమతి లేకుంటే ఆ వాగ్దానం భంగమవుతుంది. (యంత్రాల భాషలో ఇంత కావ్యధోరణి ఉంటుందని నేనెరుగను.) కుర్రవాడు ఆ భంగాన్ని పట్టుకొని, 'బాపమ్మను పిలువు' అనే మీట కనిపించేలా వ్రాశాడు. నాకది అడ్డంకిగా తోచలేదు. పెద్దలచేత మాట్లాడించాలంటే ముందు పిలవాలి గదా!

అన్నింటికన్న నాకు నచ్చింది వేగాన్ని మార్చే సదుపాయం. ఒకటిగా ఉన్న 'ప్లేబ్యాక్ రేట్'ను 0.75 చేస్తే మాట నెమ్మదిస్తుంది. గొంతు మాత్రం బొంగురుపోదు. స్వరస్థాయిని బ్రౌజరే కాపాడుతుంది. అక్షరాలపై వ్రేలు జరుపుతూ పిల్లలు ఆ మాట వెంట నడువవచ్చు.

బాపమ్మ గొంతు ఈ యేడు బాగా సన్నగిల్లింది. ఇంతవరకు రికార్డయినవి మూడు కథలే. మొన్న రెండవ కథ మధ్యలో చిన్నపిల్ల మీట నొక్కి నిలిపింది.

"బాపమ్మా, కండె అంటే ఏంది?"

ప్రక్కనే కూర్చున్న ముసలమ్మ జవాబు చెప్పలేదు. ఆ పిల్ల చెయ్యి పట్టుకొని, గాలిలోనే నూలు చుట్టించింది.