నారుమడి

2013 జనవరి. అమ్మ ఆమదాలవలసలో ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, సంచీడు అరిసెలతో హౌరాలో దిగి వారమైంది. న్యూ టౌన్‌లో మాది పదకొండో అంతస్తు. బాల్కనీలోంచి చూస్తే సగం లేచిన భవనాలు, వాటి మీద క్రేన్లు. "కాకైనా కనబడదేటిరా ఈ ఊళ్ళో" అని రోజూ గొణిగేది.

"కొత్తగా అడవి పెంచుతున్నారమ్మా, పద" అని ఆదివారం ఎకో పార్కుకు తీసుకెళ్ళాను. 2012 డిసెంబరు 29న ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ప్రారంభించారు. కొత్త సంవత్సరం నాటి నుంచి జనాన్ని రానిస్తున్నారు. బెంగాలీలో దాని పేరు 'ప్రకృతి తీర్థ'. మొత్తం 480 ఎకరాలు, అందులో 104 ఎకరాలు చెరువే, చెరువు నడుమ ఓ దీవి. కట్టిస్తున్నది ఈ నగరాన్ని కట్టిన హిడ్కో సంస్థ. చిత్తడి, గడ్డినేల, నగర అడవి అంటూ భాగాలు చేశారని నేను వివరిస్తూనే ఉన్నాను. అమ్మ వినడం లేదు. ఎదురుగా వరసలు వరసలుగా మోకాలెత్తు మొక్కలు, ఒక్కోదానికీ వెదురు కర్ర ఊతం, మధ్యలో ఎర్రమట్టి.

"ఇదేటిరా, అడివన్నావు? నారుమడిలాగుంది."

అయినా కంచె పక్కనున్న ఒక మొక్క దగ్గర ఆగింది. ఆకులు గొడుగు పుల్లల్లా చుట్టూ విచ్చుకుని ఉన్నాయి. వంగి, వేలితో ఒక్కో ఆకునూ తాకుతూ లెక్కపెట్టింది. ఒక కణుపు దగ్గర ఆరు, పై కణుపు దగ్గర ఎనిమిది. నవ్వింది. "ఏడాకుల పాల. ఏడని పేరే గానీ దీనికి లెక్కలు రావు."

గేటు బయట ఝాల్‌మూడీ అమ్మే ముసలాయన దాన్ని చూపిస్తే "ఛాతిమ్" అన్నాడు. అది బెంగాల్ రాష్ట్ర వృక్షం. శాంతినికేతన్‌లో పట్టా పుచ్చుకునే రోజు విద్యార్థి చేతికి ఆ ఆకులే ఇచ్చేవారు. అవన్నీ నేను తరవాత తెలుసుకున్నవి. ఆ రోజు ఆయన చెప్పింది వేరు. డబ్బాలో మరమరాలు, ఆవనూనె, పచ్చిమిర్చి గిలకొడుతూ, పార్కు వైపు గడ్డం ఎత్తి, "ఏఖానే ధాన్ హోతో, మాషీమా" అన్నాడు. బెంగాలీ ముక్క రాని అమ్మకు 'ధాన్' అన్న మాట చాలింది. "వరి పండేదట" అని నాకే తర్జుమా చేసింది. ముసలాయన నాన్న పొలం ఈ కంచె లోపలే ఉండేదట. నగరానికి పోయింది. ఎంతిచ్చారని అమ్మ అడగమంది. నేను అడగలేదు.

అంతకు ముందు నేను హైదరాబాదులో కేబీఆర్ పార్కు దగ్గర ఐదేళ్ళు ఉన్నాను. అక్కడ ముందు నుంచీ అడవి ఉంది, తరవాత జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ వచ్చి దాన్ని చుట్టుముట్టాయి. చివరికి నేషనల్ పార్కు అని ప్రకటించి మిగిలింది కాపాడుకున్నారు. ఇక్కడ తిరగేసిన కథ. ముందు పొలాలూ, చేపల చెరువులూ. వాటిని ఇక్కడ భేరీలంటారు. తరవాత నగరం ప్లాను, ఆ ప్లానులో ఒక అడవి. పొలాలకు ముందు ఈ నేలంతా బిద్యాధరి నది పోటు నీరు చొచ్చుకొచ్చే ఉప్పు చిత్తడి. 1930లో గాంధీగారు దండికి నడిచినప్పుడు ఈ పక్కనే మహిష్‌బథాన్‌లో కూడా ఉప్పు వండి చట్టం ధిక్కరించారు. ఉప్పు పండిన చోట వరి, వరి పండిన చోట ఛాతిమ్.

తరవాతి ఏళ్ళలో ఆ మొక్కల్ని నా భుజంతో కొలిచాను. 2015కి భుజం దాటాయి. 2017లో మొదటిసారి వాటి కింద ఎండ తప్పించుకున్నాను. సోమవారం పార్కుకు సెలవు. మిగతా రోజుల్లో పొద్దున్నే నడక. ఒక రాజకీయ నాయకుడు నడుస్తూ నడుస్తూ టీవీ మైకుల ముందు ఆగి ప్రత్యర్థులను దులిపేసేవాడు. ఆయన వెనక చెట్ల మీద నీటికాకులు రెక్కలారబెట్టుకుంటూ ఉండేవి. క్రిస్మస్ రోజు లోపలికి అడుగు పెట్టే సందుండదు. జనమంతా తాజ్‌మహల్, పిరమిడ్, కొలోసియం నమూనాల దగ్గర సెల్ఫీల కోసం తోసుకుంటారు. మొదట్లో చిరాకుపడేవాణ్ణి. తరవాత గమనించాను, పిరమిడ్ చూసి అలిసిన కుటుంబాలు అన్నం డబ్బాలు విప్పుకునేది మాత్రం చెట్ల కిందనే.

2020 మే 20 సాయంత్రం ఆంఫన్ తుఫాను వచ్చింది. పక్కనే దమ్‌దమ్‌లో గాలి గంటకు 133 కిలోమీటర్లని తరవాత చదివాం. ఆ రాత్రి మాకు తెలిసింది బాల్కనీ తలుపు వణకడం, దాని కింద కుక్కిన తువ్వాళ్ళు క్షణాల్లో నానిపోవడం. తెల్లారేసరికి కరెంటు లేదు, ఫోను లేదు. లాక్‌డౌన్ అయినా జనం రోడ్డు మీదికొచ్చారు. మా వీధిలో కదంబం చెట్టు వేళ్ళతో సహా పక్కకు ఒరిగి ఉంది. దగ్గరికెళ్ళి చూశాను. వేళ్ళు లోతుకు దిగనే లేదు, అడుగున నీరు తగిలి భోజనం పళ్ళెంలా పక్కలకు పరుచుకున్నాయి. వాచ్‌మన్లు, కుర్రాళ్ళు కొమ్మలు నరికి, తాళ్ళు కట్టి, "హేఁయో" అంటూ లాగి దాన్ని నిలబెట్టారు. నేనూ ఒక తాడు పట్టుకున్నాను. అరచేతులు రెండురోజులు మండాయి.

ఫోను పనిచేయగానే అమ్మ అడిగిన మొదటి మాట: "మీరు బాగున్నారా?" రెండో మాట: "ఆ ఏడాకుల పాల?"

కంచె బయట నుంచి చూసి వచ్చాను. తల విరిగింది గానీ మొదలు నిలిచింది.

2022లో దుర్గాపూజ వెళ్ళిన వారానికి అమ్మ మళ్ళీ వచ్చింది. మోకాళ్ళు సహకరించక లోపలికి నడవలేనంది. గేటు దగ్గరే కారు దిగాం. సాయంత్రం చీకటి పడుతోంది. విరిగిన చోట నుంచి రెండు కొమ్మలు లేచి, మా చెట్టు కంచె దాటి రోడ్డు మీదికి వంగింది. నిండా పచ్చటి తెలుపు గుత్తులు. ఆ ఘాటు వాసన ఆవనూనె వాసనను కూడా మింగేసింది.

ముసలాయన అక్కడే ఉన్నాడు. గుర్తుపట్టాడో లేదో గానీ "మాషీమా" అనే పిలిచాడు. ఆకులందేంత ఎత్తులో లేవు, లెక్కపెట్టడానికి లేదు. అమ్మ చెట్టు వైపు చూసి, ఆయన వైపు తిరిగి, శుద్ధ తెలుగులో అంది: "మీ మడిలో మొలిచిందే గదా బాబూ. బాగా ఎదిగింది."

ఆయనకేం అర్థమైందో తెలీదు. పొట్లంలో మరో గుప్పెడు వేరుశనగలు పోశాడు.